గిటార్ పక్క చెక్కకి కన్నం పెట్టించకండి

క్రిస్మస్ దగ్గర పడుతోంది. మా పర్లాకిమిడిలో, మహేంద్రతనయ దాటితే వచ్చే పాతపట్నంలో, ఇటు గుణుపూర్ దాకా ఉన్న సంఘాలన్నిటిలో పాటల ప్రాక్టీసు మొదలైంది. దాంతోపాటే ప్రతి ఏడాదీ నాకు ఒళ్ళు మండే పని కూడా మొదలైంది. చక్కటి అకూస్టిక్ గిటార్‌ని దుకాణానికి తీసుకెళ్ళడం, పక్క చెక్క కోయించడం, ఆ కన్నంలో నాలుగు నాబ్‌లూ ఒక ట్యూనరూ ఉన్న ప్రీఆంప్ డబ్బా (గిటార్ సిగ్నల్‌ని స్పీకర్‌కి పంపే ముందు బలపరిచేది) బిగించుకుని సంబరంగా ఇంటికి రావడం.

పికప్, అంటే తీగల కదలికని కరెంటుగా మార్చే పరికరం, వద్దని నేను అనడం లేదు. ముప్ఫై మంది గొంతెత్తి పాడుతుంటే, పక్కన కీబోర్డు, డోలక్ మోగుతుంటే ఉత్త గిటార్ ఎవరికీ వినపడదు. మైకు ముందు కదలకుండా కూర్చుని వాయించడం అందరివల్లా కాదు. పికప్ పెట్టించుకోండి. పక్క చెక్క మాత్రం కోయించకండి. కోయకుండా పెట్టే పద్ధతులు ఉన్నాయి, అవి కొత్తవేమీ కావు, వాటిలో సౌండ్ కూడా తక్కువ రాదు.

మొన్న గుణుపూర్ వైపు నుంచి ఒక తమ్ముడు రైల్లో గిటార్ పట్టుకొచ్చాడు. సంఘంలో తలా కొంత వేసుకుని కొన్న గిటార్ అది. పై చెక్క సాలిడ్ స్ప్రూస్, పక్కలు కూడా అసలు చెక్కే, ప్లై కాదు. "అన్నా, రెండో తీగ అస్సలు వినపడటం లేదు. దుకాణంవాళ్ళని అడిగితే ఆంప్ మార్చమంటున్నారు" అన్నాడు. ఆ దుకాణం పేరు రాయను. ఇది ఒక్క దుకాణానికి పట్టిన జబ్బయితే ఇంత పోస్టు రాసే పనే లేదు.

గిటార్ తిప్పి చూస్తే కడుపు తరుక్కుపోయింది. కన్నం మూలలు గుండ్రంగా తీయకుండా సూటిగా కోసేశారు. కింది మూల నుంచి పగులు బయల్దేరి, చెక్క గీత వెంటే వెనక వైపుకి బెత్తెడు పాకింది. పక్క చెక్క మందం రెండు, రెండున్నర మిల్లీమీటర్లే ఉంటుంది. దాన్ని వేడి చేసి వంచి ఆ ఆకారం తెస్తారు. వంపులో ఉన్న పల్చటి చెక్కకి సూటి మూల పెడితే పగులు అక్కడి నుంచే పుడుతుంది. ఇది చెక్క పని తెలిసిన ఎవరినడిగినా చెప్తారు. పైగా డబ్బా లోపల పట్టకపోతే, పక్కనీ వెనక చెక్కనీ కలిపి పట్టుకునే లోపలి పట్టీని కూడా కొంత చెక్కేశారు. స్క్రూలకి పట్టు దొరక్క చుట్టూ సూపర్ గ్లూ పోశారు. ఆ గ్లూ పాలిష్ మీదకి కారి తెల్లగా గడ్డకట్టింది.

ఇంతా చేసి, రెండో తీగ వినపడకపోవడానికీ ఆ డబ్బాకీ సంబంధమే లేదు. తీగలు వదులు చేసి, వాటి కింద గాడిలో కూర్చునే సన్నటి శాడిల్ ముక్కని పైకి లాగితే, గాడిలో పికప్ పట్టీ కింద డ్రిల్లింగ్ పొట్టు కనిపించింది. వైరు కోసం గాడి చివర కన్నం వేసి, ఊది శుభ్రం చేయకుండా పైన పట్టీ పరిచేశారు. చిటికెడు పొట్టు తీసేసి, గాడి తుడిచి మళ్ళీ పెడితే ఆరు తీగలూ సమంగా మోగాయి.

ఈ శాడిల్ కింది పని అసలు పని. దీని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. శాడిల్ కింద పెట్టే పట్టీ పీజో. కొన్ని స్ఫటికాలని నొక్కితే కరెంటు పుడుతుందని క్యూరీ అన్నదమ్ములు పియర్, జాక్ 1880లో కనిపెట్టారు. గిటార్‌లో జరిగేది అదే. లైట్ గేజ్ సెట్టు ఆరు తీగలూ శృతిలో ఉంటే మొత్తం లాగుడు 70 కిలోల పైమాటే. ఆ బిగువులో కొంత శాడిల్ మీద కిందికి నొక్కుతుంది. తీగ కదిలినప్పుడల్లా ఆ నొక్కుడు మారుతుంది, ఆ మార్పునే పట్టీ కరెంటుగా మారుస్తుంది. అంటే ప్రతి తీగ కిందా శాడిల్ పట్టీని ఒకేలా తాకాలి. శాడిల్ అడుగు వెంట్రుకవాసి వంగినా, గాడి అడుగు ఎగుడుదిగుడుగా ఉన్నా, ఒక తీగ అరుస్తుంది, పక్క తీగ మూలుగుతుంది. ఎన్ని బ్యాండ్ల ఈక్వలైజర్ (బేస్, ట్రెబుల్ విడివిడిగా సర్దేది) ఉన్న డబ్బా కొన్నా ఈ తేడాని సరిచేయలేదు. అది ఆరు తీగల సౌండ్‌నీ కలిపి ఒకేసారి మారుస్తుంది తప్ప ఒక్క తీగని పైకి లేపలేదు.

మా ఊరికి ఇందులో ఒక అదృష్టం ఉంది. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరు. దువ్వెనలు, కొంగలు, రొయ్యలు, దేవుడి బొమ్మలు కొమ్ముతో చేసే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. పికప్ పట్టీ ఎంత మందమో శాడిల్ కింద అంత తీసెయ్యాలి, లేకపోతే తీగలు ఎత్తు పెరిగి వేళ్ళు నొప్పెడతాయి. ఆ తీయడం ఎలాగో నాకు చూపించింది ఒక కొమ్ము పని మావయ్యే. "చేత్తో పట్టుకుని రుద్దితే రెండు కొసలూ అరిగిపోతాయి బావూ, మధ్య ఉబ్బుగా మిగిలిపోద్ది" అన్నాడు. అద్దం ముక్క మీద సన్న ఎమరీ పేపర్ అంటించాడు. శాడిల్ అడుగున పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీశాడు. శాడిల్‌ని ఒక చెక్క దిమ్మకి ఆనించి, నిటారుగా నిలబెట్టి, ఒకే దిక్కుకి మెల్లగా లాగుతూ పోయాడు. నాలుగు లాగులకోసారి తిప్పి చూడటం. కొసల్లో గీత చెరిగి మధ్యలో మిగిలిందంటే వంకర ఉందన్న మాట. గీతలన్నీ ఒక్కసారే మాయమైతే అడుగు సమంగా వచ్చినట్టు. ఆయన గిటార్ ఎప్పుడూ పట్టుకోలేదు. అయినా ఆ శాడిల్ గాడిలోకి జారిన తీరు చూస్తే, దుకాణాల్లో రుద్ది ఇచ్చినవేవీ దాని పక్కన నిలవవు. ఇలాంటి చేతులు ఊళ్ళోనే ఉంటే మనం గిటార్ పట్టుకుని ఎక్కడెక్కడికో పోతున్నాం.

ఇక ప్రీఆంప్ ఎందుకంటే, పీజో నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం. దాన్ని అందుకునే చోట ఇన్‌పుట్ ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు, 1 మెగా ఓమ్ అయినా ఉండాలి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ మామూలుగా 10 కిలో ఓమ్‌ల దగ్గర ఉంటుంది. నేరుగా దానికి పెడితే బేస్ అంతా పోయి, రేకు డబ్బా మీద కొట్టినట్టు వస్తుంది. మధ్యలో ప్రీఆంప్ ఉండాలి, నిజమే. అయితే అది పక్క చెక్కలోనే ఉండాలని ఎక్కడా లేదు. సౌండ్ హోల్ అంచు లోపల అంటించే చిన్న ప్రీఆంప్‌లు ఉన్నాయి. వేలు పెట్టి తిప్పే చిన్న చక్రాలు రెండు ఉంటాయి, ఒకటి వాల్యూమ్, ఒకటి టోన్. బ్యాటరీ సంచి లోపల మెడ దిమ్మకి అంటుకుని ఉంటుంది. ఇంకొన్నిటిలో ప్రీఆంప్ మొత్తం కేబుల్ గుచ్చే జాక్‌లోనే ఇమిడి ఉంటుంది. ఫిష్‌మన్ మ్యాట్రిక్స్ ఇన్ఫినిటీ, ఎల్ఆర్ బ్యాగ్స్ ఎలిమెంట్ అలాంటివే. అవి ఖరీదైనవి, ఒప్పుకుంటాను. అదే పద్ధతిలో తక్కువ ధర సెట్లు ఆన్‌లైన్‌లో చాలా దొరుకుతున్నాయి.

వీటన్నిటికీ బయట కావలసింది ఒక్క రంధ్రం. గిటార్ అడుగున స్ట్రాప్ బటన్ ఉండే చోటే 12 మిల్లీమీటర్ల దాకా పెద్దది చేసి జాక్ బిగిస్తారు. అక్కడ లోపల మందమైన చెక్క దిమ్మ ఉంటుంది, కాబట్టి బలం ఎక్కడికీ పోదు. పైన మాస్కింగ్ టేప్ వేసి, రీమర్‌తో చేత్తో మెల్లగా తిప్పుతూ పెద్దది చేస్తే పాలిష్ కూడా లేవదు. రేపు పికప్ వద్దనుకుంటే జాక్ తీసేసి బిరడా పెట్టుకోవచ్చు.

బ్యాటరీ గొడవే వద్దనుకునేవాళ్ళకి ఇంకోటి ఉంది. శాడిల్‌ని పట్టుకునే బ్రిడ్జ్ చెక్క కింద, లోపలి పలకకి అంటించే మూడు బిళ్ళలు, కె అండ్ కె ప్యూర్ మినీ లాంటివి. శాడిల్ ముట్టుకోనక్కర్లేదు, సౌండ్ చెక్క వాసనతో వస్తుంది. కొండల మీద సవర పల్లెల్లో చిన్న ప్రార్థన మందిరాలకి నేను ఇదే చెప్తాను. స్పీకర్లు గట్టిగా పెట్టే పెద్ద సభలకి మాత్రం వద్దు, త్వరగా కూత (ఫీడ్‌బ్యాక్) పెడుతుంది.

"కంపెనీ గిటార్లకి కూడా పక్కనే ఉంటుంది కదా" అంటారు. ఉంటుంది. హెలికాప్టర్లు చేసిన చార్లెస్ కామన్ మొదలుపెట్టిన ఒవేషన్ లాంటి కంపెనీలు, కరెంటుతో వాయించడం కోసమే గిటార్ని అలా కట్టి అమ్ముతూ వచ్చాయి. ఫ్యాక్టరీలో అచ్చు పెట్టి, మిషన్‌తో, చుట్టూ బలం ఇచ్చి కోస్తారు. కొత్తది కొనేవాళ్ళు అలాంటిదే కొనుక్కోండి, చాలా మంచిది. ఉన్న గిటార్‌ని బల్ల మీద పడుకోబెట్టి జిగ్‌సాతో కోయడం వేరే సంగతి. పూర్తిగా ప్లై గిటార్ అయితే పొరలు అడ్డదిడ్డంగా ఉంటాయి కాబట్టి పగులు అంత తేలిగ్గా పాకదు. దాని మీద నేను పోట్లాడను.

ట్యూనర్ కావాలంటారు. తలకి తగిలించే క్లిప్ ట్యూనర్ కొన్ని వందల్లో వస్తుంది. నాబ్‌లు చేతికందాలంటారు. ఆరాధన మధ్యలో నాబ్‌లు తిప్పే అవసరం ఎంతమందికి వస్తుందో ఆలోచించండి, వాల్యూమ్ ఒక్కటి చాలు. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. ఈ చవక డబ్బాలకి అందరూ పాటించే ఒక కొలత లేదు. కొన్నేళ్ళకి అది పోతే, అదే సైజుది దొరక్కపోతే, కన్నం ఇంకా పెద్దది చేస్తారు. మన వానాకాలం తేమకీ, ఎండాకాలానికీ చెక్క ఉబ్బి ముడుచుకుంటూ ఉంటుంది. ఆ పగులు ఆగిన చోటే ఆగదు.

కూత గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే కూత పెడుతోందని పికప్ మీద నెపం వేసి మళ్ళీ కొత్త డబ్బా పెట్టిస్తున్నారు. గిటార్ పొట్టలో గాలికి సొంతంగా ఒక శృతి ఉంటుంది, పెద్ద గిటార్లకి సుమారు 100 హెర్ట్జ్ దగ్గర. అయిదో తీగ 110 హెర్ట్జ్. స్పీకర్ నుంచి ఆ బేస్ తిరిగొచ్చి పొట్టని కదిలిస్తే కూత మొదలు. సౌండ్ హోల్‌కి రబ్బరు మూత పెట్టండి, మిక్సర్‌లో బేస్ కాస్త తగ్గించండి, స్పీకర్ ముందు నిలబడకండి. చాలావరకు అక్కడితో పోతుంది. వాయించడం అయ్యాక కేబుల్ పీకేయండి. ఈ గిటార్ల జాక్ స్టీరియోది, కేబుల్ గుచ్చి ఉంచినంతసేపూ 9 వోల్టుల బ్యాటరీ అయిపోతూనే ఉంటుంది.

దుకాణాలవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకి నా మనవి. కోసే ముందు కోయకుండా పెట్టే పద్ధతి కూడా ఉందని కస్టమర్‌కి చెప్పండి. వచ్చేవాడు చాలాసార్లు పదో తరగతి కుర్రాడు, వాడికి అడగడం తెలియదు. పై చెక్క సాలిడో ప్లైయో సౌండ్ హోల్ అంచు చూపించి చెప్పండి. ఇంత చెప్పినా వాడు కోయమనే అంటే మూలలు గుండ్రంగా తీయండి, లోపలి పట్టీ జోలికి పోకండి, కోసిన ముక్క చెత్తలో పారేయకుండా వాడి చేతికే ఇవ్వండి. ఎప్పుడైనా ఆ కన్నం మూయాల్సి వస్తే అదే చెక్క, అదే గీతలున్న ముక్క ఇంకెక్కడా దొరకదు.