పది లైట్ల మీటరు నిష్పత్తిని కొలవదు

నల్లగొండ, పాలమూరు వైపు కార్ల షెడ్లలో ఈ మధ్య ఒక సందేశం ఫోను నుంచి ఫోనుకు తిరుగుతోంది. దాని సారం ఇది. మూడు వందల రూపాయల సామానుతో, అంటే ఒక ఐసీ, పది ఎల్‌ఈడీలు, నాలుగు రెసిస్టర్లతో, గాలి-పెట్రోలు నిష్పత్తి (ఒక వంతు పెట్రోలుకు బరువులో ఎన్ని వంతుల గాలి) మీటరును ఎవరికి వారే కట్టుకోవచ్చు. కారు కింద కనిపించే ఆక్సిజన్ సెన్సార్ వైరును కోసి దీనికి కలిపితే సరిపోతుంది. మొదటి లైటు వెలిగితే నిష్పత్తి 17, అయిదోది వెలిగితే 14.7, పదోది వెలిగితే 12. లైటును రెండు, మూడు దగ్గర నిలిపితే మైలేజీ పెరుగుతుంది, డీజిల్ బండికీ ఇదే పద్ధతి. నేను ఇలాంటి మీటర్లు రెండు కట్టి, ఒకదాన్ని పాత కార్బురేటర్ మారుతి 800లోనూ, రెండోదాన్ని ఇంజెక్షన్ కారులోనూ చాలాకాలం వాడాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీటరు కట్టవచ్చన్న మాట నిజం, దాన్ని చదవడం గురించి చెప్పినది మాత్రం దాదాపు అంతా తప్పు.

కట్టడం గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. కావలసిన ఐసీ ఎల్‌ఎం 3914. దాని ఇన్‌పుట్ సెన్సార్ నుంచి కరెంటును దాదాపుగా లాగదు కనుక ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. అయితే అది అడిగితే నాకు దుకాణంలో ఎల్‌ఎం 3915 ఇచ్చారు. అదే 18 కాళ్ల ఐసీ, చూడడానికి అచ్చం అలాగే ఉంటుంది కానీ ఆంప్లిఫయర్లలో శబ్దం మట్టం చూపడానికి చేసినది, దాని మెట్లు సమానంగా ఉండవు. పైన ముద్రించిన అంకెను వెలుతురులో చదువుకున్నాకే డబ్బులు ఇవ్వండి. తొమ్మిదో కాలును ఖాళీగా వదిలితే ఒక్క లైటే వెలుగుతుంది, సప్లైకి కలిపితే అన్నీ వరుసగా వెలుగుతాయి. పది లైట్లనూ బ్యాటరీ వోల్టేజీ మీద నేరుగా వెలిగిస్తే ఆ వేడంతా ఐసీయే భరించాలి. మే నెలలో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద అది ఎన్నాళ్లు బతుకుతుందో ఊహించుకోవచ్చు. ఒక్క లైటు పద్ధతే మేలు.

అసలు తప్పు ఆ 17, 14.7, 12 అంకెల పట్టికలో ఉంది. మామూలు కార్లలో ఉండే నాలుగు వైర్ల జిర్కోనియా సెన్సార్ పొగలోని ఆక్సిజన్‌ను బయటి గాలిలోని ఆక్సిజన్‌తో పోల్చి, వేడెక్కాక సుమారు 0.1 నుంచి 0.9 వోల్టుల వరకు ఇస్తుంది. మిశ్రమం లీన్‌గా (పెట్రోలు తక్కువగా) ఉంటే 0.1 దగ్గర, రిచ్‌గా (పెట్రోలు ఎక్కువగా) ఉంటే 0.8, 0.9 దగ్గర ఉంటుంది. ఆ రెండింటి నడుమ గీత ఏటవాలుగా సాగదు, గోడలా నిట్టనిలువుగా లేస్తుంది. 0.2 వోల్టుల నుంచి 0.8 వరకు జరిగే మార్పు అంతా, ఎథనాల్ కలపని పెట్రోలుకు, సుమారు 14.5కూ 14.9కూ మధ్యే ముగిసిపోతుంది. లైటుకు 0.1 వోల్టు చొప్పున కట్టిన మీటరులో రెండో లైటు నుంచి ఎనిమిదో లైటు దాకా ఆ ఇరుకు సందులోనే వెలుగుతాయి. సందేశంలోని పట్టికేమో అవే లైట్లకు 16కు పైనుంచి 13 దాకా అంకెలు పంచిపెట్టింది. ఇక గోడకు అవతల, రిచ్ వైపున, 13.5కూ 12.5కూ మధ్య వోల్టేజీ తేడా చాలా తక్కువ. సెన్సార్ వేడి మారినా అంత తేడా వస్తుంది. ఈ సెన్సార్ తక్కెడ ముల్లు లాంటిది. ఏ పళ్లెం బరువో చెబుతుంది, ఎన్ని తులాలు బరువో చెప్పదు. అందుకే నా రెండో మీటరు మీద అంకెలు చెరిపేసి, ఒక కొసన 'లీన్', మరో కొసన 'రిచ్' అని మాత్రమే రాసుకున్నాను.

ఇంజెక్షన్ కారులో ఆ లైటు ఒకచోట నిలవదు కూడా. ఇంజను వేడెక్కాక ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటరు) సెన్సార్ మాట వింటూ పెట్రోలును కాస్త పెంచుతూ, కాస్త తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి, లైటు ఈ కొస నుంచి ఆ కొసకు ఊగుతూనే ఉంటుంది. ఊగుతోందంటే అంతా సవ్యంగా ఉందని అర్థం. ఈగలపెంట దగ్గర శ్రీశైలం డ్యాం వైపు ఘాట్ దిగుతూ, గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలినప్పుడు మొత్తం లైట్లు ఆరిపోయాయి. పక్కన కూర్చున్న మా బావ వైరు ఊడిందని బండి ఆపమన్నాడు. వైరు ఊడలేదు. అలాంటప్పుడు ఈసీయూ పెట్రోలును పూర్తిగా ఆపేస్తుంది, సైలెన్సరులోకి వచ్చేది వట్టి గాలే. కాలు మళ్లీ యాక్సిలరేటర్ మీద పెట్టగానే లైట్లు తిరిగి వచ్చాయి.

'కారు కింద కనిపించే సెన్సార్' అన్న మాట మరీ ప్రమాదకరం. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న చాలా కార్లలో దానికి ముందొకటి, వెనకొకటి సెన్సార్లు ఉంటాయి. కింద పడుకుంటే ముందుగా చేతికి అందేది తరచుగా వెనకదే. కన్వర్టర్ బాగున్నంతకాలం ఆ వెనక సెన్సార్ వోల్టేజీ పెద్దగా కదలదు, దాన్ని చూసి మిశ్రమం భేషుగ్గా ఉందని మురిసిపోతారు. కొన్ని కొత్త కార్లలో ముందున్నది ఈ రకం సెన్సారే కాదు, దానికి ఈ సర్క్యూట్ అతకదు. వైరును కోయనే కూడదు. ఈసీయూకు వెళ్లే తీగ అలాగే ఉండాలి, దాని నుంచి ఒక పాయ మాత్రమే తీసుకోవాలి. బాష్ రకం నాలుగు వైర్లలో రెండు తెల్లవి హీటరువి, నల్లది సిగ్నల్, బూడిద రంగుది సిగ్నల్ గ్రౌండు. మీటరు గ్రౌండును బాడీకి కాక ఆ బూడిద రంగు వైరుకే కలపాలి. బాడీ గుండా పోయే ఇతర కరెంట్ల వల్ల వచ్చే వోల్టేజీ తేడా ఇక్కడ లైటును అటూ ఇటూ చేయగలదు. పైపు జాయింట్లకు షెడ్లలో ధారాళంగా పూసే సిలికాన్ పేస్టు ఆవిరి కూడా ఈ సెన్సారుకు విషమే.

14.7 అన్న అంకె కూడా మన బంకుల్లో పోసే పెట్రోలుకు ఇప్పుడు వర్తించదు. అది ఎథనాల్ కలపని పెట్రోలు పూర్తిగా కాలడానికి కావలసిన గాలి లెక్క. ఎథనాల్ పూర్తిగా కాలడానికి తొమ్మిది వంతుల గాలే చాలు, కాబట్టి 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలుకు ఆ అంకె సుమారు 13.5కు దిగుతుంది. సెన్సారుకు ఈ గొడవ లేదు. పొగలో ఆక్సిజన్ మిగిలిందా లేదా అన్నదే అది చూస్తుంది కనుక, ఇంధనం ఏదైనా సమతూకం దగ్గరే తిరగబడుతుంది. తప్పు లైటు పక్కన రాసిన అంకెది.

మైలేజీ సంగతి. ఇంజెక్షన్ కారులో లైటును మీరు నిలపలేరు, ఈసీయూ నిలపనివ్వదు. సెన్సార్ తీగలో రెసిస్టర్ పెట్టి దాన్ని మోసగిస్తే కన్వర్టర్ పని చెడుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. కార్బురేటర్ బండిలో షెడ్డువాళ్లు తిప్పే స్క్రూ ఐడిల్‌కు (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజను నడవడానికి) మాత్రమే సంబంధించినది, జడ్చర్ల దాటి 80లో పోతున్నప్పుడు పెట్రోలు ఇచ్చేది మెయిన్ జెట్. ఇంకో చిక్కుంది. ప్లగ్గు సరిగ్గా కాల్చకపోయినా, ఎగ్జాస్ట్ మానిఫోల్డు (ఇంజను నుంచి పొగను సైలెన్సరుకు చేర్చే గొట్టం) దగ్గర పైపు లీకైనా పొగలోకి ఆక్సిజన్ వచ్చి మీటరు 'లీన్' అంటుంది. నా మారుతి 800లో లైటు లీన్ వైపే ఉంటోందని రెండు రోజులు కార్బురేటర్‌తో కుస్తీ పట్టాను. తీరా చూస్తే మానిఫోల్డు గ్యాస్కెట్ పోయింది. లీకైన చోట చుట్టూ మసి ఉంగరంలా పట్టి ఉంది.

డీజిల్ ఇంజను ఎప్పుడూ అవసరానికి మించిన గాలితోనే నడుస్తుంది. దానికి ఈ మీటరు కడితే మొదటి లైటు దాటి కదలదు.

నిజంగా అంకెలే కావాలనుకునేవారు, ముఖ్యంగా కార్బురేటర్ జెట్లు మార్చేవారు, టర్బో పెట్టేవారు, వైడ్‌బ్యాండ్ సెన్సార్ వైపు వెళ్లాలి. బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 అలాంటిది. ఖర్చు వందల్లో కాదు, వేలల్లో. పూర్తి బరువు మీద యాక్సిలరేటర్ అదిమినప్పుడు, ఎథనాల్ కలపని పెట్రోలు లెక్కన, 12.5 ఉందా 13.8 ఉందా అన్నదాన్ని బట్టే పిస్టన్ క్షేమం ఉంటుంది, పది లైట్ల మీటరు ఆ రెండింటికీ ఒకే లైటు చూపిస్తుంది. వైడ్‌బ్యాండ్‌కు విడిగా కంట్రోలరు ఉండాలి. సెన్సారుకు కరెంటు లేకుండా సైలెన్సరులో బిగించి తిరిగితే మసి పట్టి పాడవుతుంది, కాబట్టి కంట్రోలరు చేతికి వచ్చేదాకా ఆ రంధ్రానికి బోల్టు బిగించి ఉంచండి.