బెట్టకూ అదే సీసా, జాలుకూ అదే సీసా

పత్తిలో గూడ, అంటే పూమొగ్గ, రాలుతోందని మందుల దుకాణానికి వెళ్తే కౌంటరు మీదికి ముందు వచ్చేది టానిక్ సీసా. నెల రోజులుగా చినుకు లేదన్నా అదే సీసా, మూడు రోజుల ముసురుకు చేలో నీళ్లు నిలిచాయన్నా అదే సీసా. ‘మొక్కను ఒత్తిడి నుంచి కాపాడుతుంది’ అని లేబుల్ మీద రాసి ఉంటుంది. ఏ ఒత్తిడి నుంచి బాబూ? ఒళ్లు మండేది అక్కడే. మనం కలగాపులగం చేస్తున్నాం గానీ మొక్క ఎప్పుడూ చెయ్యదు. బెట్టకు ఒక రసాయనం, నీళ్లు నిలిచిన జాలుకు ఇంకొకటి, పురుగు కొరికితే వేరొకటి. దేని కబురు అందుకునే రిసెప్టార్ దానికి విడిగా ఉంటుంది.

బెట్ట సంగతి ముందు చెప్పేస్తాను, అది తేలిక. నేల ఆరిపోతుంటే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం, అంటే ఏబీఏ, పెరుగుతుంది. దీన్ని పట్టుకునే రిసెప్టార్లు ఏవో 2009 దాకా గట్టిగా తేలలేదు. ఏబీఏ వచ్చి ఆ రిసెప్టార్ గుంటలో కూర్చోగానే పైన మూత పడుతుంది. మూత పడ్డ రిసెప్టార్, అప్పటిదాకా బ్రేకులా పనిచేస్తున్న ఎంజైమును పట్టి ఉంచేస్తుంది. బ్రేకు వదిలేసరికి పత్రరంధ్రం పక్కనున్న కాపలా కణాల్లోంచి లవణాలు, వాటి వెంట నీళ్లు బయటికి పోయి రంధ్రం మూసుకుంటుంది. అంతా నిమిషాల్లో అయిపోతుంది. ఒక తమాషా చెప్పాలి. ఈ పదార్థాన్ని 1960ల్లో మొదట వేరు చేసింది లేత పత్తికాయల్లోంచే. కాయ రాల్చేది ఇదేననుకుని రాలడం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. రాల్చడంలో పెద్ద చెయ్యి ఇథిలీన్ అనే వాయువుదని తర్వాత తెలిసింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

జాలు కథ వేరు. నీళ్లలో ఆక్సిజన్ కదలిక గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మది. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే, ఉన్న కాస్త ఆక్సిజన్‌ను వేర్లూ సూక్ష్మజీవులూ కలిసి ఒకటి రెండు రోజుల్లో ఖాళీ చేస్తాయి. అప్పుడు వేరులో ఏసీసీ అనే పదార్థం పోగుపడుతుంది. అది ఇథిలీన్‌గా మారాలంటే ఆక్సిజన్ కావాలి, కింద అది లేదు. అందుకని ఏసీసీ నీటి నాళాల వెంట పైకి ఎక్కి, ఆకుల్లో గాలి తగిలాక ఇథిలీన్ అవుతుంది. తొడిమలు కిందికి వంగేదీ, గూడ రాలిపోయేదీ దాని వల్లే. ఇథిలీన్ రిసెప్టార్ పద్ధతి కూడా ఏబీఏకి తలకిందులు. అది మామూలు రోజుల్లో ‘ఇంకా వద్దు, ఇంకా వద్దు’ అని అడ్డం పడుతూ ఉంటుంది. ఇథిలీన్ వచ్చి దాని నోరు మూయించాకే రాల్చే పని మొదలవుతుంది.

దీనికి తోడు ఊపిరాడని వేరు నీళ్లు కూడా లాగలేదు. చాలారోజుల బెట్ట తర్వాత ఒక్కసారిగా పెద్ద వాన పడి, మర్నాడు చుర్రుమని ఎండ కాస్తే, ఏపుగా పెరిగి కాయ బాగా పట్టిన మొక్క నీళ్లలో నిలబడే వడలిపోతుంది. ఇదే పారావిల్ట్. చాలామంది దీన్ని ఎండు తెగులనుకుని శిలీంద్రనాశినుల మీద డబ్బు తగలేస్తారు. ఒక మొక్క పీకి, కాండాన్ని మొదలు దగ్గర నిలువుగా చీల్చి చూడండి. లోపల గోధుమ రంగు చారలుంటే ఎండు తెగులు. వేరు తొక్క చివికి ఊడి వస్తే వేరుకుళ్లు. కాండం తెల్లగా, వేరు గట్టిగా ఉంటే పారావిల్ట్. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొదట్లో పోస్తే కుళ్లు పాకకుండా ఆపుతుందేమో గానీ, వడలిన ఆకును లేపదు.

లేపే అవకాశం ఉన్నది కోబాల్ట్ క్లోరైడ్‌కు. ఏసీసీని ఇథిలీన్‌గా మార్చే ఎంజైముకు కోబాల్ట్ అడ్డం పడుతుంది. మోతాదు లీటరుకు 10 మిల్లీగ్రాములే. అంత తక్కువ తూచడం ఇంట్లో కుదరదు కాబట్టి 1 గ్రామును లీటరు నీళ్లలో కరిగించి పెట్టుకుని, అందులోంచి 16 లీటర్ల పంపుకు 160 మి.లీ. పొయ్యండి. విషపదార్థం, చేతికి గ్లౌజులు ఉండాలి. వడలడం కనిపించిన 24 గంటల్లోపే కొట్టాలి. ఆకు ఎండి గలగలలాడే మొక్క మీద కొట్టినా దండగే.

దానికంటే ముందు చేలో నీళ్లు పోవాలి. వాలు వైపు కాలువ తీయకుండా ఏ సీసా కొట్టినా కింద ఏసీసీ తయారవుతూనే ఉంటుంది. నీళ్లు పోయి పదును రాగానే గుంటక తోలితే వేరుకు గాలి అందుతుంది. వేరు కోలుకునేదాకా ఆకు మీద మేత పెట్టాలి: యూరియా 2 శాతం, అంటే లీటరుకు 20 గ్రాములు, లేదా 13-0-45 (పొటాషియం నైట్రేట్) లీటరుకు 10 గ్రాములు.

ఇక ప్లానోఫిక్స్, గూడ రాలకుండా కొట్టే మందు. ఇందులో ఉండే ఎన్‌ఏఏ ఆక్సిన్ అనే హార్మోను జాతిది, మొక్కలో దీనికి ఇంకో రిసెప్టార్ ఉంది. లేత కాయ నుంచి తొడిమ గుండా ఆక్సిన్ పారుతున్నంతసేపూ తొడిమ మొదట్లోని కణాలు ఇథిలీన్ మాట పెద్దగా చెవిన పెట్టవు. ఆ పారుదల తగ్గాక కణాల గోడలను కరిగించే ఎంజైములు మొదలై పొర విడిపోతుంది. రాలిన గూడ తొడిమ చివర నున్నగా, కోసినట్టు ఉండేది అందుకే. పొర విడవడం మొదలయ్యాక ఆక్సిన్ కొట్టి లాభం లేదు, ముందే కొట్టాలి. రాలిన గూడకు రంధ్రం ఉంటే అది పురుగు పని, దానికి ప్లానోఫిక్స్‌తో సంబంధమే లేదు. పత్తి ఎంత బాగున్నా పెట్టిన గూడ, పిందెల్లో సగానికి పైగా తనే వదిలేస్తుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

మోతాదు 4.5 లీటర్లకు 1 మి.లీ., అంటే 10 పీపీఎం (లీటరుకు 10 మిల్లీగ్రాముల ఎన్‌ఏఏ). 16 లీటర్ల పంపుకు మూడున్నర మి.లీ. చాలు. మన వాళ్లు మూతతో పోస్తారు. మూతలో 10 మి.లీ. పట్టినా 28 పీపీఎం అయింది, దాదాపు మూడు రెట్లు. ‘ఎక్కువైతే ఏమవుతుంది, మంచిదేగా’ అంటారు. ఆక్సిన్ మితిమీరితే మొక్క ఏసీసీ తయారీనే పెంచుతుంది, అంటే రాలడం ఆపడానికి కొట్టిన మందే ఇథిలీన్ పుట్టిస్తుంది. ఆపిల్ తోటల్లో ఎక్కువైన పిందెలు రాల్చడానికి వాడేదీ ఈ ఎన్‌ఏఏనే. ఐదు రూపాయల సిరంజి కొనుక్కుని దాంతో కొలవండి.

2,4-డి అనే గడ్డిమందు కూడా ఆక్సిన్ జాతిదే, పత్తికి దాని వాసన కూడా పడదు. గడ్డిమందు కొట్టిన పంపును వట్టి నీళ్లతో కడిగి పత్తిలోకి తెస్తే, వారం పది రోజుల్లో కొత్త ఆకులు చీలికలై బెండాకుల్లా సాగుతాయి. అప్పుడు మళ్లీ వైరస్ అంటూ దుకాణానికి పరిగెత్తడం, కౌంటరు మీదికి మళ్లీ అదే సీసా రావడం.