చైనా యుద్ధవిద్యల పుట్టుక మీద మీరు రాసిన వ్యాసంలో బల్లెం సంగతి ఎందుకు వదిలేశారు?
జాంగ్ సాన్‌ఫెంగ్ అనే తావో సన్యాసి పాము, కొంగ పోట్లాట చూసి తాయ్‌చీ అనే నెమ్మది కదలికల యుద్ధవిద్యను పుట్టించాడని వ్యాసంలో చరిత్రలా రాసేశారు, అది కథండీ. 1669లో పండితుడు హ్వాంగ్ జోంగ్‌షీ రాసిన సమాధి శాసనం అంతర్గత విద్యకు, అంటే కండబలం కన్నా లోపలి శక్తి మీద ఆధారపడే పోరు పద్ధతికి, జాంగ్‌ని మూలపురుషుడన్నది నిజమే, కానీ అందులో తాయ్‌చీ ఊసే లేదు. 1930ల్లో యుద్ధవిద్యల చరిత్రకారుడు తాంగ్ హావ్ చైనాలోని హెనాన్ రాష్ట్రంలో ఉన్న చెన్‌జియాగో ఊరికి వెళ్లి, తాయ్‌చీ 17వ శతాబ్దపు చెన్ వాంగ్‌టింగ్‌తో మొదలైందని తేల్చాడు, దానిమీదా గొడవ ఇంకా తెగలేదు.

అసలు ఆయుధాల మాటే ఎత్తకపోతే ఎలా? షింగ్‌యీ అనే మరో అంతర్గత యుద్ధవిద్యలో నిలబడే తీరు చూడండి, ముందు చెయ్యి చాచి, వెనక చెయ్యి బొడ్డు దగ్గర పెట్టి, బరువు వెనక కాలి మీద వేసి నిలబడతారు, ఆ చేతుల్లో పొడవాటి బల్లెం పెడితే అచ్చంగా సరిపోతుంది. ఆ విద్యకు ఆద్యుడిగా చెప్పే జీ జీకే కూడా బల్లెం తిప్పడంలో పేరున్నవాడనే అంటారు. నాకైతే కొంగ కథ కన్నా ఇలాంటి విద్యలు బల్లెం నుంచి వచ్చాయన్నదే నమ్మదగ్గదిగా ఉంది.