బడి మారితే దేవుడూ మారిపోతున్నాడు

పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి ఎన్‌సీఈఆర్‌టీ జీవ పరిణామం పాఠం తీసేసిందని 2023లో టీవీల్లో పెద్ద గొడవయింది, ఆ గొడవ న్యాయమే, కానీ ఒడిశాలో మా పర్లాకిమిడి వైపు మతం బడిలోకి వచ్చేది పుస్తకంలోంచి కాదు, అడ్మిషన్ దగ్గరే వచ్చేస్తోంది.

మా వీధి చివర ఒక సవర గిరిజన కుటుంబం ఉంది, కూలి పని చేసుకుంటారు. పెద్దోడు మిషన్ హాస్టల్లో చదువుతున్నాడు, చిన్నోడు పొద్దున్నే సరస్వతీ వందన చేయించే బడికి వెళ్తున్నాడు. సెలవులకి పెద్దోడు ఇంటికొస్తే కంచం ముందు వాడు కళ్ళు మూసుకుని ప్రార్థన, వీడు చేతులు జోడించి భోజన మంత్రం, నీది తప్పంటే నీది తప్పని ఇద్దరూ కొట్టుకుంటారు. ఇదేంటయ్యా అని తండ్రినడిగితే "ఎవులు కూడెడితే ఆల దేముడికి దండమెట్టాల కదా బాబూ" అన్నాడు. ఆయన మతం చూసి పంపలేదు, దగ్గర్లో ఉన్న సర్కారు బడిలో ఒక్కరే మాస్టారు, ఆ మాస్టారు చెప్పే ఒడియా ఈ పిల్లలకి అర్థం కాదు, అంతే.

పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మత బోధన ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెప్తుంది. గుర్తింపో ఎయిడో ఉన్న ప్రైవేటు బడిలో అయితే తల్లిదండ్రుల సమ్మతి ఉంటే చాలు. అంటే సర్కారు బడి ఎంత బక్కచిక్కితే అంతమంది పిల్లలు ఆ గొడుగు కిందనుంచి బయటికి పోతున్నట్టే కదా. 20 మంది లోపు పిల్లలున్న బడుల్ని వేరేవాటిలో కలిపేయమని ఒడిశా సర్కారు 2020లో ఆర్డరిచ్చింది, మరుసటేడు హైకోర్టు కొట్టేసింది కాబట్టి సరిపోయింది.

సవర భాష సంగతి చూస్తే ఇంకా బాధేస్తుంది. గిడుగు రామమూర్తి గారు ఇక్కడే ఉండి ఆ భాష నేర్చుకుని, సొంత డబ్బుతో సవర పిల్లలకి బళ్ళు పెట్టి, వాచకాలు రాశారు. మిషనరీలు అదే భాషని రోమన్ అక్షరాల్లో రాశారు. 1936లో మంగెయి గొమాంగో సొరంగ్ సొంపెంగ్ లిపి తెచ్చారు, దాన్ని నమ్మేవాళ్ళకి ఆ అక్షరాలే దేవుడు. ఇంట్లో మాట్లాడేది ఒకటే మాట, రాయాల్సొచ్చేసరికి ఏ దేవుడి అక్షరాలు అనే ప్రశ్న వస్తోంది. ప్రాథమిక చదువు అమ్మభాషలో చెప్పాలని 1956లోనే 350ఏ అధికరణం పెట్టుకున్నాం, తెలుగు పిల్లలకైనా సవర పిల్లలకైనా ఆ మాస్టార్లేరి?

2011 లెక్కల్లో మా గజపతి జిల్లా జనాభాలో మూడో వంతు కంటే ఎక్కువ క్రైస్తవులు, అందుకే ఎలక్షనొస్తే ఒక పార్టీ మతమార్పిడి అంటుంది, ఇంకోటి మైనారిటీలకి ముప్పు అంటుంది, ఖాళీగా ఉన్న టీచరు పోస్టుల గురించి మీటింగులో నేనైతే ఒక్కసారీ వినలేదు. పక్కనే కంధమాల్, 2008లో అక్కడ క్రైస్తవుల మీద జరిగిన దాడులు చూసిన జిల్లా ఇది, పిల్లల్ని చిన్నప్పుడే గ్రూపులుగా విడదీస్తుంటే నాకు భయమేస్తుంది.

ఈ ఏడు చిన్నోడి అడ్మిషన్ ఫారం నింపమని ఆ పిల్లల తండ్రి నా దగ్గరికే తెచ్చాడు. ఒడియాలో నాలుగు పేజీలు, చివరి పేజీలో బడి ప్రార్థనల్లో, పూజల్లో మా పిల్లాడు పాల్గొనడానికి మాకు సమ్మతమే అని ఒక లైనుంది, తెలుగులో చదివి చెప్పాను. కింద అప్పటికే ఆయన వేలిముద్ర ఉంది, ఆఫీసులోనే వేయించుకున్నారంట.