సవరణ: బ్యారేజీ గేట్ల బొమ్మలో నా పొరపాట్లు

ప్రకాశం బ్యారేజీ 70 గేట్లను ఉదాహరణగా తీసుకుని, పెద్ద వ్యవస్థలను కాగితం మీద ఎలా గీసుకోవాలో మొన్న రాశాను కదా. అందులో ఓపీఎం (ఆబ్జెక్ట్-ప్రాసెస్ మెథడాలజీ, అంటే వ్యవస్థను వస్తువులుగా, ప్రక్రియలుగా గీసే పద్ధతి) అంటే సిస్‌ఎంఎల్‌కే (వ్యవస్థలను పటాలుగా గీసే మరో భాష) ఒక శాఖ అని, దానిలోనూ 9 రకాల పటాలుంటాయని రాసేశాను. తప్పు. 9 రకాలు సిస్‌ఎంఎల్ మొదటి తరానివి. అది సాఫ్ట్‌వేర్ పటాలు గీసే యూఎంఎల్ అనే భాష నుంచి పుట్టింది. ఓపీఎం దారి వేరు: ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ ఆచార్యుడు డోవ్ డోరీ రూపొందించాడు, 2015లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ నుంచి ఐఎస్‌ఓ/పీఏఎస్ 19450గా వెలువడింది. పటం ఒక్కటే రకం. వివరం కావాలంటే అదే పటంలో లోపలికి దిగుతూ పోవడమే.

అసలు సిగ్గుపడాల్సింది ఓపీఎం పద్ధతిలో నేను గీసిన గేట్ల బొమ్మ గురించి. గుంటూరు నుంచి ఒక విద్యార్థిని, "సార్, గేటు ఎత్తడాన్ని కూడా పెట్టెలోనే పెట్టారేంటి?" అని అడిగింది. నిజమే. గేటు వస్తువు కాబట్టి దీర్ఘచతురస్రం. ఎత్తడం ప్రక్రియ, దానికి అండాకారం. 'మూసి ఉంది', 'తెరిచి ఉంది' అనేవి గేటు పెట్టె లోపల ఉండాల్సిన స్థితులు. ఆపరేటర్‌నీ మోటారునీ ఎత్తడం అనే ప్రక్రియకి ఒకే రకం గీతతో కలిపాను, అదీ కుదరదు. మనిషైతే గీత చివర నల్ల చుక్క, పరికరమైతే ఖాళీ సున్నా.

ఓపీఎం పటాలు గీసే సాఫ్ట్‌వేర్ ఓపీక్లౌడ్‌లో గీసి ఉంటే అప్పుడే దొరికిపోయేవాణ్ణి. గీసిన ప్రతి గీతకూ పక్కనే మామూలు ఇంగ్లిష్‌లో వాక్యం రాసి చూపిస్తుంది. తెల్లకాగితం మీద పెన్సిల్‌కి ఆ సదుపాయం లేదు మరి! పాత బొమ్మ తీసేసి కొత్తది పెట్టాను.