అమెరికా బడిలోంచి దేవుణ్ణి ఎవరూ గెంటలేదు

మా ఇంటర్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఏడాదికోసారి తిరిగొచ్చే ఫార్వర్డ్ ఒకటుంది. ఈసారి చక్కటి తెలుగులో, వెలిగే దీపం బొమ్మతో సహా వచ్చింది. అందులో ఉన్నదిదీ. అమెరికాలో 1962 దాకా బడి ప్రార్థనతో మొదలయ్యేది, పిల్లలు బుద్ధిగా ఉండేవారు. ఒక నాస్తికురాలు కోర్టుకెక్కి దేవుణ్ణి బయటికి గెంటించింది. రాజ్యాంగంలో ఎక్కడా లేని 'మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ'ను జడ్జీలు కల్పించారు. అప్పట్నుంచి పిల్లవాడు బడిలో చేతులు జోడిస్తే నేరం. దేశం చెడిపోయింది. కాబట్టి, ఏ దేవుడైతేనేం, అమెరికాలో ఉన్న మనవాళ్ళంతా బడిలో ప్రార్థన మళ్ళీ పెట్టాలనేవాళ్ళ వైపే నిలబడాలి.

కింద వరసగా నమస్కారాల ఎమోజీలు. పెట్టినవాళ్ళలో ఒకడు డాలస్‌లో ఉంటాడు, వాడి కొడుకు చదివేది ప్రభుత్వ బడిలోనే. "ఇందులో సగం అబద్ధం రా" అన్నాను. "ఎప్పుడు నాస్తికుడివయ్యావు?" అన్నాడు. ప్రతి శనివారం వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళేవాణ్ణి నేను. ఆ ఫార్వర్డ్‌లో ఒక్కో ముక్కా తీసుకుని చెప్పాల్సిన పని పడింది.

ముందు ఆ 'నేరం' సంగతి. న్యూయార్క్ రాష్ట్ర విద్యామండలి 1951లో బడి పిల్లల కోసం సొంతంగా ఒక ప్రార్థన తయారుచేసింది. ఇంగ్లిషులో సరిగ్గా 22 మాటలు. "సర్వశక్తిమంతుడవైన దేవా, మేము నీపైనే ఆధారపడి ఉన్నామని ఒప్పుకుంటున్నాం. మాకు, మా తల్లిదండ్రులకు, మా గురువులకు, మా దేశానికి నీ దీవెనలు వేడుకుంటున్నాం" అని దాని అర్థం. ఏసు పేరు లేదు, మోషే పేరు లేదు. ఎవరికీ అభ్యంతరం రాకూడదని కమిటీ కూర్చుని వండిన కూర, ఉప్పూ లేదు కారమూ లేదు. లాంగ్ ఐలాండ్‌లోని న్యూ హైడ్ పార్క్ ప్రాంతపు బడుల్లో దీన్ని రోజూ చెప్పించడం మొదలుపెడితే ఐదుగురు తల్లిదండ్రులు కోర్టుకు వెళ్ళారు. అదే ఎంగెల్ వర్సెస్ విటాలె కేసు. 1962 జూన్ 25న సుప్రీంకోర్టు 6-1తో వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. తీర్పు రాసిన హ్యూగో బ్లాక్ అలబామా బాప్టిస్టు, ఒకప్పుడు సండే స్కూల్లో పాఠాలు చెప్పినవాడు. ఆయన చెప్పింది ఒకటే: జనం చదవాల్సిన ప్రార్థన రాసిపెట్టడం ప్రభుత్వం పని కాదు. ఇష్టం లేని పిల్లలు ఊరుకోవచ్చు కదా అన్న వాదన కూడా ఆయన ముందుకొచ్చింది. టీచరు చెప్పిస్తుంటే క్లాసంతా లేచి నిలబడ్డప్పుడు ఏడేళ్ళ పిల్ల ఒక్కతే కూర్చోగలదా అని ఒక్కసారి ఆలోచిస్తే ఆ వాదన ఎంత గట్టిదో తెలుస్తుంది.

ఆగిపోయింది ప్రభుత్వం చెప్పించే ప్రార్థన. పిల్లవాడు తనంతట తాను చేసుకునేదాన్ని ఎవరూ ఆపలేదు. లెక్కల పరీక్ష ముందు కళ్ళు మూసుకుని హనుమాన్ చాలీసా అనుకోవచ్చు. అన్నం ముందు దణ్ణం పెట్టుకోవచ్చు. విరామంలో బైబిలు చదువుకోవచ్చు. 1984లో వచ్చిన సమాన అవకాశాల చట్టం ప్రకారం, హైస్కూల్లో చదువుతో సంబంధంలేని చదరంగం క్లబ్బులాంటిదానికి చోటిస్తే పిల్లలు నడుపుకునే మత క్లబ్బుకూ ఇచ్చి తీరాలి. ఒమాహాలో ఒక హైస్కూలు క్రైస్తవ క్లబ్బుకు కాదంటే, 1990లో సుప్రీంకోర్టు 8-1తో ఆ విద్యార్థిని వైపే నిలబడింది. బడి అయ్యాక గదులు బయటి సంఘాలకు ఇస్తున్నప్పుడు మతం పేరు చెప్పి ఒకరిని కాదనకూడదని 2001లో ఇంకో తీర్పు వచ్చింది. 2022లోనైతే, మ్యాచ్ అయ్యాక మైదానం మధ్యలో మోకరిల్లిన ఫుట్‌బాల్ కోచ్‌దే గెలుపు. చేతులు జోడిస్తే జైలనేవాళ్ళు ఇవేవీ ఫార్వర్డ్ చేయరు.

'ఒక నాస్తికురాలి' విషయానికొద్దాం. ఆవిడ పేరు మాడలిన్ మరీ, బాల్టిమోర్ మనిషి, నాస్తికురాలే. కాకపోతే ఆవిడ కేసు 1962ది కాదు, 1963ది. అదీ ఒక్కటే కాదు, రెండు కేసులు కలిపి విన్నారు. తీర్పుకు పేరు పెట్టింది రెండోదాంతో, ఆబింగ్టన్ వర్సెస్ షెంప్.

ఆ కథ నాకు చాలా ఇష్టం. పెన్సిల్వేనియాలో రోజూ క్లాసులో బైబిలు నుంచి పది వచనాలు చదివి తీరాలని 1949లో చట్టం చేశారు. 1956 నవంబరులో ఒక సోమవారం పొద్దున ఆబింగ్టన్ హైస్కూల్లో 16 ఏళ్ళ ఎల్లరీ షెంప్ అనే కుర్రాడు ఆ వచనాలు వినిపిస్తున్నంతసేపూ స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్న ఖురాన్ తెరిచి మౌనంగా చదువుకున్నాడు. తర్వాత అందరూ ప్రభువు ప్రార్థనకు, అంటే ఏసు నేర్పిన ప్రార్థనకు, లేచారు, వీడు లేవలేదు. ప్రిన్సిపల్ దగ్గరికి పంపించారు. వాడు ముస్లిమూ కాదు, నాస్తికుడూ కాదు. ఆ ఇంట్లోవాళ్ళు యూనిటేరియన్లు, చర్చికి వెళ్ళే మనుషులు. దేవుడు ఒక్కడే, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే త్రిత్వం లేదని నమ్ముతారు. బడిలో వినిపించే వచనాల్లో కొన్ని వాళ్ళ నమ్మకానికి సరిపడవు. అంతే గొడవ. ఏడేళ్ళ తర్వాత 8-1తో గెలిచారు. అదే తీర్పులో, మతాల చరిత్ర తెలియకపోతే చదువు పూర్తయినట్టు కాదని, బైబిలును సాహిత్యంగా, చరిత్రగా పాఠం చెప్పుకోవచ్చని కూడా జడ్జీలు రాశారు. 2000లో తీర్పు వచ్చిన ఇంకో కేసులో, టెక్సస్‌లోని శాంటా ఫే అనే ఊళ్ళో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ముందు మైకులో ప్రార్థన ఆపమని కేసు వేసినవాళ్ళయితే ఒక మార్మన్ కుటుంబం, ఒక కేథలిక్ కుటుంబం. నాస్తికులెవరూ కోర్టుకు పోలేదని నేననను, 1948లో ఇల్లినాయిలో గెలిచిన తల్లి అలాంటి మనిషే. చాలాసార్లు గుమ్మం తొక్కింది మాత్రం పక్క చర్చివాళ్ళు.

ఎందుకో అర్థం కావాలంటే ఫార్వర్డ్ చెప్పే ఆ 'మంచి రోజుల్లోకి' వెళ్ళాలి. పందొమ్మిదో శతాబ్దపు అమెరికా ప్రభుత్వ బడిలో చదివించిన బైబిలు ప్రొటెస్టెంట్లది. ఐర్లండ్ నుంచి వచ్చిన కేథలిక్కులకు వేరే అనువాదం ఉంది. మా పిల్లల్ని మా బైబిలే చదువుకోనివ్వండని ఫిలడెల్ఫియా బిషప్పు అడిగాడు. అది చిలికి చిలికి గాలివానై 1844లో అల్లర్లు జరిగాయి, రెండు కేథలిక్ చర్చీలు తగలబడ్డాయి, ఇరవైమంది దాకా చచ్చిపోయారు. 1859లో బోస్టన్‌లోని ఎలియట్ స్కూల్లో టామ్ వాల్ అనే కేథలిక్ పిల్లవాడు, పదేళ్ళవాడు, బైబిల్లో దేవుడు మోషేకిచ్చిన పది ఆజ్ఞల్ని ప్రొటెస్టెంట్ల పాఠంలో అప్పజెప్పనన్నాడు. వాడి అరచేతుల మీద బెత్తంతో దాదాపు అరగంట కొట్టారు. వేళ్ళు చిట్లి నెత్తురొచ్చాక గానీ వాడు లొంగలేదు. కొట్టినాయన మీద కేసు నిలబడలేదు. తర్వాత 1890లో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు బడిలో బైబిలు పఠనం ఆపేసింది, అడిగినవాళ్ళు కేథలిక్కులే. అంటే 1962కి 72 ఏళ్ళ ముందు ఒక రాష్ట్రం ఈ పని చేసేసింది.

'గోడ' అన్న మాట రాజ్యాంగంలో లేదన్నది నిజమే. ఉన్నది 1791 నాటి మొదటి సవరణ: ప్రభుత్వం ఏ మతాన్నీ నెలకొల్పకూడదు, ఎవరి మతాచరణకూ అడ్డు రాకూడదు. గోడ అన్నది 1802లో ప్రెసిడెంట్ జెఫర్సన్ డాన్‌బరీ బాప్టిస్టులకు రాసిన ఉత్తరంలో వస్తుంది. వాళ్ళుండే కనెక్టికట్‌లో 1818 దాకా అధికారిక చర్చి వేరేది, వీళ్ళు మైనారిటీ. గోడ కట్టమని బతిమాలుకున్నవాళ్ళు భక్తులు. ఆ గోడ ఎత్తెంత అన్న దాని మీద జడ్జీలు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు, ఈమధ్య అది కాస్త తగ్గుతోంది కూడా.

దేశం చెడిపోయిందన్న ముక్కకు ఎక్కువ టైమ్ అక్కర్లేదు. అమెరికాలో టీనేజీ కాన్పులు తారస్థాయిలో ఉన్నది 1957లో, బడిలో ప్రార్థన ఉన్నప్పుడే: 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో వెయ్యికి 96. ఇప్పుడు 15 లోపే. హింసాత్మక నేరాలు అరవైల్లో పెరిగిన మాట వాస్తవం. 1991 తర్వాత బాగా తగ్గాయి, ప్రార్థనేమీ తిరిగి రాకుండానే. పెళ్ళి కాకుండా పుట్టే పిల్లల వాటా పెరిగింది, ఒప్పుకుంటాను. ఇంగ్లండులో 1944 నుంచీ ప్రభుత్వ నిధులతో నడిచే బడుల్లో రోజూ సామూహిక ప్రార్థన చట్టరీత్యా తప్పనిసరి. అక్కడా ఆ వాటా పెరిగి 2021కి సగం దాటింది.

ఇక మనకిచ్చిన సలహా. "ఏ దేవుడైతేనేం" అని మనం అనుకుంటాం, అక్కడ ఓటేసేవాళ్ళు అనుకోరు. డెబ్బైల్లో న్యూజెర్సీలో ఐదు హైస్కూళ్ళు మహర్షి మహేశ్ యోగి ప్రచారం చేసిన అతీంద్రియ ధ్యానాన్ని (ట్రాన్సెండెంటల్ మెడిటేషన్) పాఠంగా పెట్టాయి. మంత్రోపదేశం కోసం పిల్లలు ఒక ఆదివారం పళ్ళూ పూలూ తెల్ల రుమాలూ పట్టుకెళ్ళి, చెప్పులు విప్పి, గురువు పటం ముందు నిలబడితే, టీచరు సంస్కృతంలో పూజ చేసేవాడు. ఇది మతమే, ప్రభుత్వ బడిలో కుదరదని 1979లో ఫెడరల్ అప్పీల్ కోర్టు తేల్చింది. నా లెక్కన సరైన తీర్పే. అలబామా బడుల్లో యోగా మీద 1993లో పెట్టిన నిషేధాన్ని 2021లో ఎత్తేశారు, కానీ ఆసనాలకు ఇంగ్లిషు పేర్లే వాడాలి, 'నమస్తే' అనకూడదు అని షరతు పెట్టి. బడిలోకి మతం రావాలనేవాళ్ళు ఏ మతాన్ని రానిస్తారో ఇక్కడే కనబడుతోంది.

డాలస్ మిత్రుడికి ఇదంతా రాసి, చివర్లో వాళ్ళ రాష్ట్రం గురించే అడిగాను. 2025లో టెక్సస్ రెండు చట్టాలు చేసింది. రోజూ ప్రార్థనకు సమయం కేటాయించాలా వద్దా అని ప్రతి స్కూల్ బోర్డూ ఓటు వేయాలన్నది ఒకటి. ప్రతి ప్రభుత్వ బడి క్లాసులో 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తుకు తగ్గకుండా పది ఆజ్ఞల పోస్టరు పెట్టాలన్నది రెండోది, దాని మీద కేసులు పడ్డాయి. పోస్టరు మీద ఏ పాఠం ఉండాలో కూడా చట్టంలోనే ఉంది, టామ్ వాల్ అప్పజెప్పనన్న పాఠానికి దగ్గరగా. నేను తప్ప వేరే దేవుడు నీకు ఉండకూడదని మొదటి వాక్యాల్లో ఉంటుంది. విగ్రహాలు చేసుకోకూడదని ఆ వెంటనే వస్తుంది.

"మీ వాడి మెడలో ఆంజనేయస్వామి బిళ్ళ ఉంటుంది కదరా, క్లాసులో ఎటువైపు కూర్చుంటాడు?" అన్నాను.

రెండు నీలం టిక్కులు పడ్డాయి. గంట తర్వాత, "ఆ పోస్టరు సంగతి నాకు తెలీదురా, వాణ్ణడిగి చెప్తా" అని వచ్చింది.