దవడ నొప్పికి వ్యాయామాల సంగతి మరవకండి

దవడ కీలు నొప్పికి ఆపరేషన్ లేని చికిత్సల గురించి మీ పత్రికలో రాస్తూ, రాత్రిపూట పళ్లకు పెట్టుకునే తొడుగుకే సగం వ్యాసం కేటాయించారు. వ్యాయామాలకు ఒక్క వాక్యం! నాకు మేలు చేసింది అవే.

రెండేళ్ల కిందట సంక్రాంతికి సకినం కొరుకుతుంటే చెవి ముందర టక్కుమంది. ఆ తర్వాత నోరు రెండు వేళ్ల వెడల్పుకు మించి తెరుచుకోలేదు. చెవిపోటు అనుకుని చుక్కల మందు వేసుకుంటూ నెల రోజులు పోగొట్టుకున్నాను. చివరికి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు వెళ్తే, డాక్టరమ్మ నా దవడ మీద వేళ్లు ఆనించి, "ఊరికే కూర్చున్నప్పుడు పై పళ్లు కింది పళ్లకు తగులుతాయా అమ్మా?" అని అడిగారు. తగులుతాయన్నాను. తగలకూడదట! పెదవులు కలిసినా పళ్లు విడిగా ఉండాలి. నాలుక కొనను అంగిలికి ఆనించి, అద్దంలో చూసుకుంటూ, దవడ పక్కకు జరగకుండా నిదానంగా నోరు తెరవడం నేర్పించారు. వేడి కాపడం, కొన్నాళ్లు మెత్తటి అన్నం. మూడు నెలలకు నోట్లో మూడు వేళ్లు పట్టాయి.

2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకాలు కూడా దీర్ఘకాలిక దవడ నొప్పికి నిపుణుల పర్యవేక్షణలో చేసే వ్యాయామాలను గట్టిగా సమర్థించాయి. నొప్పి లేకుండా వట్టి టక్కుటక్కు శబ్దమే ఉంటే సాధారణంగా చికిత్స అక్కర్లేదు. నొప్పి తగ్గడానికి పళ్లు అరగదీస్తామని ఎవరైనా అంటే మాత్రం దయచేసి తొందరపడి ఒప్పుకోకండి. అరగదీసిన పన్ను మళ్లీ పెరగదు.